గోపాల్‌పూర్ ఆన్ సీ: రాత్రి తొమ్మిదికే ఖాళీ అయ్యే బీచ్ ఊరు

ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురానికి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రతీర పట్టణం గోపాల్‌పూర్. కలకత్తా వాళ్లు, పాత తరం వాళ్లు ఇప్పటికీ "గోపాల్‌పూర్ ఆన్ సీ" అనే అంటారు. నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్ పాలనలో ఉన్న చిన్న ఊరు. 2011 జనాభా లెక్కల్లో 7 వేల పైచిలుకు జనం తేలారు. ఊళ్లో సముద్రం మీద ఆధారపడి బతికే కుటుంబాల్లో ఎక్కువ భాగం తెలుగు మాట్లాడే వాడబలిజలు, జాలరులు. ఒడియాలో వీళ్లనే నోలియాలు అంటారు.

బీచ్ పేరు దేశమంతా తెలుసు. ఊరు మాత్రం ఏటికేడాది చిక్కిపోతోంది. సాయంత్రం ఐదింటికి వెళ్లి చూస్తే ఈ మాట ఎవరూ నమ్మరు. బరంపురం నుంచి బైకులు, ఆటోలు, బస్సులు, స్కూలు పిల్లలు, కొత్త జంటలు, అంతా తిరునాళ్లలా ఉంటుంది. కెరటాల్లో కాళ్లు తడుపుకుని, పల్లీలో చాటో తిని, ఫోటోలు తీసుకుని తొమ్మిదయ్యేసరికి అందరూ ఇంటిదారి పడతారు. వచ్చిన జనానికీ, ఊళ్లో పడిన రూపాయికీ పొంతన ఉండదు. మిగిలేది ప్లాస్టిక్ కవర్లు, గ్లాసులు. తెల్లారి వాటిని ఏరేది కూడా ఊరివాళ్లే.

గోపాల్‌పూర్ బాగుపడటం గురించి ఎవరు మాట్లాడినా దీపాలు, సెల్ఫీ పాయింటు, బీచ్ ఉత్సవం గురించే మాట్లాడతారు. జనాన్ని రప్పించడం ఈ ఊరికి ఎప్పుడూ సమస్య కాలేదు. వచ్చినవాడు ఒక్క రాత్రి ఉండిపోవడానికి కారణం చూపించలేకపోవడమే సమస్య. ఆ కారణాలు ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్నాయి. వాటిలో చాలా వాటికి మన తెలుగువాళ్లతో సంబంధం ఉంది.

రేవు రోజులు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పూర్వం ఈ ప్రాంతానికి పెద్ద రేవు రుషికుల్య నది ముఖం దగ్గరున్న గంజాం పట్టణమే. 1815 ప్రాంతంలో అక్కడ విషజ్వరాలు ప్రబలి ఊరు పాడుపడింది. జిల్లా కార్యాలయాలూ, వ్యాపారమూ అక్కడి నుంచి తరలిపోయాయి. గోపాల్‌పూర్ రేవుగా పైకి వచ్చింది ఆ తర్వాతే.

రేవు అంటే ఇప్పటి పోర్టుల్లా గోడలు, క్రేన్లు ఉన్నది కాదు. స్టీమరు సముద్రంలో దూరంగా లంగరు వేసి ఆగేది. ఒడ్డు నుంచి అక్కడికి మనుషుల్ని, బస్తాల్ని మాసూలా పడవల్లో చేరవేసేవారు. మేకులు కొట్టకుండా పలకలను తాళ్లతో కుట్టి చేసిన పడవ అది. కెరటం వచ్చి కొట్టినా విరగకుండా సాగి ఒదుగుతుంది. గోపాల్‌పూర్ కెరటాల్లో దాన్ని నడపడం అందరికీ వచ్చే పని కాదు, నోలియాలకే వచ్చేది. అంటే ఆ కాలంలో రేవు వ్యాపారం మొత్తం వాళ్ల భుజాల మీదుగానే సాగిందన్న మాట.

రేవు నుంచి ఎక్కువగా వెళ్లిన సరుకు మనిషి. 1852 తర్వాత దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. అక్కడి వరి పొలాలకు, బియ్యం మిల్లులకు, రంగూన్ రేవుకు కూలీలు కావలసి వచ్చారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి తెలుగువాళ్లు వేలకు వేలు వెళ్లారు. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమర్లు ఎక్కారు. బర్మాలో తెలుగువాళ్లందరినీ "కోరంగీలు" అని పిలిచేవారు. యానాం పాఠకులకు చెప్పనక్కర లేదు, తమ పక్కనే ఉన్న కోరంగి రేవు పేరే అది. 1930 మే నెలలో రంగూన్ రేవులో బర్మా కూలీలకూ మనవాళ్లకూ మధ్య పెద్ద అల్లర్లు జరిగి చాలామంది చనిపోయారు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. అదే ఏప్రిల్‌లో విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఓడల రాకపోకలు నిలిచిపోయాయి. బర్మాలో ఉన్నవాళ్లు లక్షలాదిగా కొండలు, అడవులు దాటుకుంటూ నడిచి వచ్చారు. రాలేనివాళ్లు దారిలోనే ఉండిపోయారు.

గోపాల్‌పూర్ రేవు ఆ దెబ్బ నుంచి మళ్లీ తేరుకోలేదు. అంతకుముందే, 1890లలో మద్రాసు కలకత్తా రైలుమార్గం బరంపురం మీదుగా పడి సరుకులో చాలా భాగాన్ని లాగేసింది. బర్మా ప్రయాణికులే ఊరిని నిలబెట్టారు, వాళ్లూ లేకుండా పోయారు. ఒడ్డున ఇప్పటికీ కనిపించే మొండి గోడలు, పాత గోదాముల శిథిలాలు, దీపస్తంభం ఆ రోజుల గుర్తులు. వాటి ముందు నిలబడి ఫోటో తీసుకునే పిల్లలకు అవేమిటో చెప్పే ఒక్క బోర్డు లేదు. తాత బర్మా వెళ్లాడని చెప్పుకునే తెలుగు కుటుంబాలు శ్రీకాకుళం నుంచి బరంపురం దాకా ఇంటికొకటి ఉంటాయి. వాళ్లలో ఎంతమందికి ఆ తాత ఓడ ఎక్కిన చోటు ఇదేనని తెలుసో!

విడిది ఊరు

రేవు ఉన్న రోజుల్లోనే గాలి మార్పు కోసం దొరలు, కలకత్తా ధనవంతులు ఇక్కడ బంగళాలు కట్టుకున్నారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఒక ఇటలీ దేశస్థుడు కట్టిన హోటల్ తర్వాత ఓబెరాయ్ సంస్థ చేతికి వచ్చింది. పామ్ బీచ్ పేరుతో దేశంలోని తొలి బీచ్ హోటళ్లలో ఒకటిగా పేరు పొందింది. ఇప్పుడది మేఫెయిర్ సంస్థ చేతిలో ఉంది. ఒడిశా పర్యాటక శాఖ పంథనివాస్, కొన్ని మధ్యతరగతి లాడ్జీలు, పాత బంగళాలు కలిపితే ఊళ్లో ఉన్న బస అంతే.

రేవు మూతపడ్డాక నాలుగైదు దశాబ్దాలు ఊరు బెంగాలీ యాత్రికుల మీద బతికింది. దుర్గా పూజల నుంచి జనవరి దాకా గదులు నిండేవి. ఆ రాక క్రమంగా తగ్గిపోయింది. కలకత్తావాళ్లకు దీఘా దగ్గర. పూరీకి వెళ్తే సముద్రంతో పాటు జగన్నాథుడి దర్శనం అవుతుంది. పూరీ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. దక్షిణం వైపు విశాఖ నగరమే ఉంది. రైలు బరంపురం దాకానే, అక్కడ దిగి మళ్లీ రోడ్డు పట్టాలి. పైగా గోపాల్‌పూర్ సముద్రం ఈతకు మంచిది కాదు. ఒడ్డు దాటగానే లోతు, లోపలికి లాగే ప్రవాహం. చూడటానికి ఎంత అందమో దిగితే అంత ప్రమాదం.

తుఫానులు సరేసరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది ఈ ఊరి దగ్గరే. గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలి. ముందే దాదాపు 10 లక్షల మందిని తీరం నుంచి తరలించడంతో ప్రాణనష్టం బాగా తగ్గింది. పడవలు, వలలు, రేకుల ఇళ్లు, సరుగుడు తోటలు మాత్రం మిగల్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటుతూ గంజాన్నీ ముంచింది. ప్రతి తుఫాను తర్వాతా రెండు మూడు సీజన్లు యాత్రికులు వెనకాడతారు. చిన్న లాడ్జీవాడు అప్పు చేసి మరమ్మతు చేయించేలోపు ఇంకో తుఫాను వస్తుంది.

పోర్టు సంగతి

ఊరికి ఉత్తరంగా అర్జిపల్లి దగ్గర కొత్త పోర్టు ఉంది. మొదట వానలు, తుఫానులు లేని నెలల్లో మాత్రమే పనిచేసేది. 2013లో అన్ని కాలాల పోర్టు అయ్యింది, అదే ఏడాది ఫైలిన్ దెబ్బా తింది. 2017లో షాపూర్జీ పల్లోంజీ సంస్థకు వచ్చింది, 2024లో అదానీ సంస్థ కొనుగోలు చేసింది. పోర్టు వల్ల ఉద్యోగాలు, లారీలు, రోడ్లు వచ్చాయి. పర్యాటకానికి మాత్రం అది నేరుగా ఉపయోగపడదు, ఉపయోగపడుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మవద్దు.

పోర్టు విషయంలో మనం పట్టించుకోవలసింది ఇసుక. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ప్రపంచంలోనే ఎక్కువ ఇసుక ఇలా కదిలే తీరాల్లో మనదొకటి. సముద్రంలోకి రాళ్ల కట్ట వేస్తే దానికి దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన కొట్టుకుపోతుంది. చేపట్టవలసిన పని కూడా ఇంజనీర్లకు తెలిసిందే. ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి అవతలి వైపు పోయాలి. విశాఖలో అవుటర్ హార్బర్ కట్టినప్పటి నుంచి ఆర్కే బీచ్‌కు అలాగే ఇసుక పోస్తున్నారు. గోపాల్‌పూర్‌లో ఏటా ఎంత ఇసుక తీశారు, ఎక్కడ పోశారు అనే లెక్క ఊళ్లో ఒక బోర్డు మీద రాసి పెట్టమని అడగడం మన హక్కు.

ఉత్తరాన రుషికుల్య ముఖం దగ్గర పొడంపేట అనే తెలుగు మత్స్యకార గ్రామం ఉండేది. "ఉండేది" అనే రాయవలసి వస్తోంది. నది ముఖం జరగడం, తుఫానులు, తీరం కోత కలిసి ఇళ్ల వరుసలను ఒక్కొక్కటిగా మింగేశాయి. జనం వెనక్కి తరలిపోయారు. కడలి వైపు మిగిలిన మొండి గోడలను చూడటానికి ఇప్పుడు యాత్రికులు వస్తున్నారు.

తాబేళ్లు, మొగలి పూలు

ఒక రాత్రి ఉండటానికి కారణం అన్నాను కదా. అన్నిటికంటే పెద్ద కారణం రుషికుల్య తీరమే. ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లు ఇక్కడ గుంపులు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయని 1994లో శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. ఊరి జాలరులకు అంతకుముందే తెలుసు, అడిగినవాళ్లు లేరు. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఐదారు రాత్రుల పాటు జరుగుతుంది. 2023లో 6 లక్షలకు పైగా తాబేళ్లు వచ్చాయి. 2025లో లెక్క అంతకు మించింది. కొన్నేళ్లు గుంపుగా రానే రావు. గుడ్లు పొదగడానికి 45 నుంచి 50 రోజులు పడుతుంది. పిల్లలు బయటికి వచ్చేది కూడా ఎక్కువగా రాత్రి పూటే. వెలుతురు ఎటు ఉంటే అటు పోవడం వాటి స్వభావం. సముద్రం మీది మసక వెలుతురు చూసి నీళ్లలోకి వెళ్లవలసినవి రోడ్డు దీపాలు చూసి ఊళ్లోకి నడిచి చస్తాయి. పురుణబంధ, గోఖరకుడ ఊళ్ల యువకులు ఏళ్ల తరబడి బకెట్లతో వాటిని ఏరి సముద్రంలో విడుస్తున్నారు.

అందుకే బీచ్ అంతా ఫ్లడ్ లైట్లు పెడితే టూరిజం పెరుగుతుందనే ఆలోచన గంజాం తీరానికి పనికిరాదు. చీకటే ఇక్కడ మన సరుకు.

ఇందులో మన జాలరులకు పెద్ద చిక్కు ఉంది. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య ముఖం దగ్గర 20 కిలోమీటర్ల మేర మోటారు పడవల వేట నిషేధం. దానికి తోడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటా చేపల సంతానోత్పత్తి కోసం నిషేధం. రెండూ కలిపితే ఏడు నెలలు దాటుతుంది. ప్రభుత్వం ఇచ్చే జీవనభృతి ఏడు నెలల కుటుంబ ఖర్చుకు ఏ మూలకూ రాదు. అందుకే కుర్రాళ్లు చెన్నై, కేరళ, గుజరాత్ పడవల మీదికి వెళ్తున్నారు. అదే ఏడు నెలలు పర్యాటక సీజను కావడం మాత్రం మంచి అవకాశం. తాబేళ్లను చూపించే గైడు పని, రాత్రి కాపలా, బీచ్ లైఫ్‌గార్డు పని వేట ఆగిన జాలరులకే ఇవ్వాలని అడగాలి. పూరీలో నోలియాలు వెదురు టోపీలు పెట్టుకుని యాత్రికులను కాపాడటం తరతరాలుగా ఉన్నదే. ఇంత ప్రమాదమైన గోపాల్‌పూర్ సముద్రానికి, ఆ ప్రవాహం ఎక్కడ లాగుతుందో చూడగానే చెప్పగలిగిన మనిషి నోలియాయే. అతనికి జీతం, బీమా, ఒక యూనిఫారం ఇవ్వడానికి పెద్ద పథకాలు అక్కరలేదు.

తాబేళ్లు రాని రోజుల్లో చూపించడానికి మొగలి పూలున్నాయి. గంజాం తీరపు మొగలికి భౌగోళిక గుర్తింపు ఉంది. రంగైలుండ, ఛత్రపురం ప్రాంతాల్లో పొలం గట్ల మీద మొగలి పొదలు, మధ్యలో రాగి డేగిశాలతో అత్తరు భట్టీలు. అత్తరు ఎక్కువగా ఉత్తరాదికి, పాన్ మసాలా వ్యాపారానికి పోతుంది. వానాకాలంలో పూలు కోసిన ఉదయం ఆ భట్టీ దగ్గర ఒక గంట నిలబడితే మనిషి ఆ వాసన మరిచిపోడు. మొగలి వేళ్లు ఇసుక దిబ్బలను పట్టి ఉంచుతాయి కూడా. రిసార్టు కోసం ఆ పొదలు కొట్టేస్తే తర్వాత గాలికి గోడ ఉండదు.

ఇక బరంపురం పట్టు, రెండేళ్లకోసారి నెల రోజులు జరిగే బుఢీ ఠాకురాణి యాత్ర, ఛత్రపురం తంపర సరస్సు, తప్తపాణి వేడినీటి ఊట, రంభ దగ్గర చిలికా. ఇవన్నీ గోపాల్‌పూర్‌లో మకాం పెట్టి చూడగలిగినవే. చిలికా ఉదాహరణ ముఖ్యమైనది. ఉప్పు తగ్గి, పూడిక పెరిగి, ఆ సరస్సు 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల మాంట్రూ జాబితాకు ఎక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖం తవ్వారు. చేపలు మళ్లీ పెరిగాయి, 2002లో ఆ జాబితా నుంచి పేరు తీశారు. అక్కడ ముందు నీళ్లను బాగుచేశారు, సందర్శకులు తర్వాత పెరిగారు. గోపాల్‌పూర్‌లో ముందు ఉత్సవం జరిపి, ఇసుక గురించి తర్వాత చూద్దాం అంటున్నారు.

పట్టా కాగితం

ఊరు బాగుపడితే మొదట పెరిగేది భూమి ధర. ధర పెరిగినప్పుడు సముద్రం పక్కనున్న జాలరిపేట ఎవరిది అనే ప్రశ్న వస్తుంది. తరాలుగా ఉన్నా చాలామంది దగ్గర కాగితం లేదు.

ఒడిశా ప్రభుత్వం 2017లో పట్టణాల మురికివాడల వాసులకు భూమి హక్కు ఇచ్చే చట్టం చేసింది. 2018లో జాగా మిషన్ పేరుతో దాన్ని గంజాం, పూరీ జిల్లాల్లోనే మొదలుపెట్టారు. డ్రోన్లతో ఇళ్లు కొలిచి, హక్కు పత్రాలు ఇచ్చారు. ఆ హక్కు వారసులకు వస్తుంది, అమ్ముకోవడానికి వీల్లేదు. ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు అప్పుకు హామీగా పెట్టుకోవచ్చు. పత్రం వచ్చినవాళ్లు దాన్ని పెట్టెలో దాచి ఊరుకోవద్దు, ఒకసారి చదివించుకోండి. నేను గుమస్తాగా ఉద్యోగం చేసిన రోజుల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మన ఇంటిపేరు ముందు ఉంటుంది. ఒడియాలో రాసేవాడు దాన్నే అసలు పేరు అనుకుంటాడు. తండ్రి కాగితంలో ఒక రకంగా, కొడుకు ఆధార్‌లో ఇంకో రకంగా పేరు పడుతుంది. తండ్రి పోయాక ఇద్దరూ వేరువేరు మనుషులని ఫైలు తిరిగి వస్తుంది. తండ్రి బతికి ఉండగానే సవరణ దరఖాస్తు పెట్టుకుంటే పదిహేను రోజుల పని. ఆ తర్వాత అయితే కోర్టు అఫిడవిట్లు, సాక్షులు. మా సంఘానికి వచ్చే దరఖాస్తుల్లో సగం ఇవే.

తీర నియంత్రణ నిబంధనలు కూడా తెలుసుకోవాలి. పట్టణంలో ఇప్పటికే ఉన్న రోడ్డుకో, అనుమతి ఉన్న కట్టడాలకో లోపలి వైపునే కొత్త కట్టడాలు రావాలి, సముద్రం వైపు రాకూడదు. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం అత్యంత కఠిన రక్షణ ఉన్న మొదటి తరగతిలో ఉంది. గంజాం తీరంలో ఎవరైనా సముద్రానికి ఆనించి రిసార్టు ప్లాను చూపిస్తే మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. జాలరుల ఇళ్లలోనే రెండు గదులు యాత్రికులకు ఇచ్చే హోమ్‌స్టే పద్ధతికి 2019 నిబంధనల్లో తోవ ఉంది. పొద్దున్న అలివి వల లాగడం చూసి, మధ్యాహ్నం మన ఇంటి చేపల పులుసు తిని వెళ్లే యాత్రికుడు బీచ్ పల్లీల కంటే పదింతలు ఖర్చు పెడతాడు. మరుగుదొడ్డి, మంచినీళ్లు, శుభ్రమైన దుప్పటి, ఈ మూడూ లేకుండా మాత్రం ఎవరినీ పిలవొద్దు.

రాదలచిన తెలుగువారికి

హౌరా చెన్నై మార్గంలో చాలా రైళ్లు బరంపురంలో ఆగుతాయి. రైల్వే పట్టికల్లో బ్రహ్మపూర్ అని చూడాలి. స్టేషన్ నుంచి గోపాల్‌పూర్‌కు ఆటోలు, కొత్త బస్టాండు నుంచి బస్సులు దొరుకుతాయి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. అక్టోబరులో వచ్చేవాళ్లు తుఫాను సూచన చూసుకుని బయలుదేరాలి. పూజల సెలవుల్లో తప్ప గది ముందుగా బుక్ చేయకపోయినా దొరుకుతుంది. సముద్రంలో దిగేముందు ఒడ్డున ఉన్న నోలియాను అడగండి, తెలుగులోనే అడగవచ్చు. తాబేళ్ల కోసం వచ్చేవాళ్లు ముందు అటవీ శాఖ సిబ్బందిని కలవాలి, టార్చిలైటు, ఫోను ఫ్లాష్ వాడకూడదు, ముదురు రంగు బట్టలు వేసుకోవాలి. తాత ముత్తాతల బర్మా పాసుపుస్తకాలు, స్టీమరు టిక్కెట్లు, రంగూన్ ఫోటోలు ఎవరింట్లోనైనా ఉంటే పారేయకుండా, వచ్చేటప్పుడు వాటి నకళ్లు తెచ్చి మా బరంపురం సంఘానికి ఇవ్వండి.